మహారాణి రుమాలు

లాండ్రీలో దుప్పటి మడతపెట్టడమంటే మాటలా? నాలుగు మూలలూ కలవాలి, ఎక్కడా ముడత ఉండకూడదు. ఆ పనిలో మన మహారాణిని మించినవాళ్లు లేరు. ఓనరు సరదాకి "మడతల మహారాణి" అన్నాడు, ఆ పేరే స్థిరపడిపోయింది.

మహారాణి డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా "అయ్యో పాపం" అనేసి, చేతులు దులుపుకుని పోయారు. వాళ్లమ్మ మాత్రం కొంగు బిగించింది. గుండీలు పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం అన్నీ ఓపిగ్గా నేర్పింది. తింటున్నంతసేపూ "మూతి తుడుచుకోవే తల్లీ" అంటూనే ఉండేది. ఇప్పుడు అమ్మ లేదు. మహారాణి మాత్రం ఇస్త్రీ రుమాలు లేకుండా గడప దాటదు.

ఆవిడకి సినిమా పిచ్చి. తెర మీద ఒక్కసారైనా కనబడాలని చిన్నప్పటి కోరిక. లాండ్రీకి సినిమావాళ్ల బట్టలు తెచ్చే కుర్రాడు ఆవిణ్ణి చూసి డైరెక్టరుకి చెప్పాడు. హీరో చెల్లెలి వేషమట! ఇంకేముంది, మహారాణి కాలు నేల మీద నిలవలేదు. వీధి వీధంతా చాటింపు వేసొచ్చింది.

షూటింగులో చేతికి ఐస్‌క్రీం కప్పు ఇచ్చారు. "తింటుంటే మూతికంతా అంటుకోవాలమ్మా, గడ్డం మీదకి కారాలి. అది చూసి సినిమాలో మీ అమ్మ ఏడుస్తుంది" అన్నాడు డైరెక్టరు.

కెమెరా తిరిగింది. మహారాణి రెండు చెంచాలు తిని, రుమాలుతో శుభ్రంగా తుడుచుకుంది. మళ్లీ తీశారు, మళ్లీ తుడుచుకుంది. రుమాలు లాక్కుంటే చేత్తో తుడుచుకుంది.

"నాకు తినడం వచ్చు సార్."

"వచ్చని తెలుసమ్మా. రానట్టు చెయ్యి."

"ఎందుకు?"

ఆ మహానుభావుడు గడియారం చూసుకున్నాడు.

తోడొచ్చిన అక్క బతిమాలింది. "ఒక్కసారికి పూసుకోవే. లేకపోతే వేషం పోతుంది. నీకెంత ఇష్టమో నాకు తెలీదా?"

ఇష్టమే. ప్రాణమంత ఇష్టం. అందుకే ఇంకోసారి కూచుంది. గడ్డం దాకా కారనిచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుంది. అంతలోనే చెయ్యి పైకి లేచింది. "నా వల్ల కాదక్కా, అమ్మ తిడుతుంది" అని లేచి నిలబడింది. "సార్, నా రుమాలు ఇచ్చెయ్యండి."

ఆ వేషం డౌన్ సిండ్రోమ్ లేని ఇంకెవరో నటికి పోయింది. మహారాణి దుప్పట్లు మడతపెడుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. పాపం, ఏడవదూ మరి!

సినిమా వచ్చాక లాండ్రీవాళ్లంతా కలిసి వెళ్లారు. తెర మీద నటి నాలుక బయటపెట్టి, మూతికంతా ఐస్‌క్రీం పూసుకుంది. పక్కన తల్లి వేషం వేసినావిడ కుళాయి తిప్పినట్టు ఏడుపు. హాలంతా ముక్కు చీదుడే. ఓనరూ ఏడ్చాడు, అక్కా ఏడ్చింది.

మహారాణి మాత్రం భృకుటి ముడిచి చూసింది.

"అక్కా, ఆవిడ అలా కూచుని ఏడవకపోతే, ఆ పిల్లకి మూతి తుడుచుకోవడం నేర్పొచ్చుగా? మన అమ్మ నేర్పలేదూ?"

అక్క ఇంకా ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. మహారాణి రుమాలు తీసి, మడత విప్పి, అక్క చేతిలో పెట్టింది.

"ముందు నువ్వు ముక్కు తుడుచుకో."