తుఫానుదొర చేతి పులుసు

ధనరాజు మా దీవిలోని హాడో రేవులో క్రేను నడుపుతాడు. ముప్ఫై ఏళ్ల పాటు మా తెలుగు నాటక సమాజంలో విలన్ కూడా వాడే. నేను అందులో ప్రాంప్టర్‌ని. అంటే తెర పక్కన నిలబడి, మరిచిపోయిన మాటలు అందించేవాణ్ని. ఓడ టిక్కెట్లు ఇచ్చి ఇచ్చి రిటైరైన గుమాస్తాని, అయినా అందరూ మాస్టారనే అంటారు. ఇన్నేళ్లలో ధనరాజు నేను అందించిన మాట అందించినట్టు పలికిన రోజు ఒక్కటీ లేదు. అందుకే వాడి గురించి రాసే హక్కు నాకే ఉందని నా గట్టి నమ్మకం.

మనిషి ఆరడుగులు. మీసం చూస్తే పిల్లలు దారి తప్పుకుంటారు. వాళ్ల నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వలలు భుజాన వేసుకుని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వీడు హాడోలోనే పుట్టాడు. జాలరి కొడుకై ఉండి పడవెక్కితే వాంతులు చేసుకుంటాడు. అందుకే క్రేను ఎక్కాడు. అంత ఎత్తున, అద్దాల గదిలో, పొద్దంతా ఒక్కడే కూచుని విలన్ నవ్వు సాధన చేస్తాడు. ఒకసారి చేతిలో వాకీటాకీ ఆపడం మరిచిపోయి నవ్వాడు. కింద ఓడలో ఉన్న పెద్ద ఆఫీసరు భయపడి, కంటైనరు గాల్లో వేలాడుతుండగానే అందర్నీ డెక్కు మీంచి దిగిపొమ్మన్నాడు. మర్నాడు ధనరాజుకి ఒక మెమో, రేవంతా పేరు.

వాడితో నాకున్న తగువు ఒక్కటే. విలన్‌కి కారణం కావాలంటాడు. "ఊరికే చెడ్డోడేటి మాస్టారూ? గోడనైనా ఊరికే తిడతామేటి?" అని, నా స్క్రిప్టులో లేని మాటలు స్టేజీ మీద కలిపేసేవాడు. వడ్డీ వ్యాపారి వేషం వేస్తే చిన్నప్పుడు తిండికి మాడానని చెప్పి ఏడిచేవాడు. నేను తెర వెనక నుంచి "రాసింది చెప్పరా!" అని పళ్లు కొరికేవాణ్ని. జనం మాత్రం ముక్కులు చీదేవాళ్లు.

మా సమాజంలో ఒక ఆచారం ఉంది. అది వాడి మొదటి నాటకంతోనే పుట్టింది. అప్పుడు వాడికి ఇరవై రెండు. దిక్కులేని ఒక ఆడమనిషి వల తగలబెట్టే వేషం. మర్నాడు పొద్దున్న బజారులో చేపలమ్మే గవరమ్మ, బుట్ట దింపి, గొడుగు తీసుకుని వాణ్ని వీపు మీద వాయించింది.

"దిక్కులేని దాని వల తగలెడతావేట్రా!"

"నాటకం అప్పా! అది నాటకం!" అని వీడు ఐసుపెట్టెల చుట్టూ పరుగు.

ఆ రోజే మా సమాజం పెద్ద నాగరాజు గారు కట్టడి చేశారు. ఇక నుంచి నాటకం అయ్యాక భోజనాల్లో మొదటి గరిటె విలనే వడ్డించాలి, అదీ రంగు కడుక్కోకుండా. అన్నం పెట్టిన చెయ్యి మీద ఎవరికీ కోపం నిలవదని ఆయన లెక్క. విలన్ చావగానే నేను చిన్న ఇత్తడి బెల్లు కొడతాను. అది వినగానే ధనరాజు లేచి, తెర వెనక నుంచి వంటల పాకలోకి వెళ్లి చేపల పులుసు గిన్నె దగ్గర నిలబడాలి. ఆ తర్వాతి ఏడాది గవరమ్మ వాడి చేత రెండుసార్లు పులుసు పోయించుకుంది.

ఆచారం మంచిదే. కానీ విలన్ ఎప్పుడూ ఆఖరి సీనుకి పది నిమిషాల ముందే చస్తాడు. ఆ తర్వాత వచ్చే మంగళం, హారతి, చప్పట్లు, అవన్నీ స్టేజీ నడిమధ్య నిలబడ్డ హీరో వీరేంద్రవే. పైగా మంగళం పాడి హారతి పట్టేది ఎవరనుకున్నారు? దేముడమ్మ, ధనరాజు భార్య. సమాజంలో అంత మంచి గొంతు ఇంకెవరికీ లేదు. ముప్ఫై ఏళ్లు ఆవిడ ఊరి ముందు వీరేంద్ర మొహానికి హారతి తిప్పింది, కట్టుకున్నవాడు పాకలో గరిటె పట్టుకుని ఆ పాట గోడ అవతల నుంచి విన్నాడు. "ఒక్కసారైనా ఆకరి సీను దాకా బతకాల మాస్టారూ" అనేవాడు. నేను నవ్వేసేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆరేళ్ల కిందట నాటకాలు ఆగిపోయాయి. మా పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, కాగితం మీద చూస్తే మాత్రం బిక్కమొహం వేస్తారు. స్క్రిప్టు చదివేవాళ్లు లేరు. ధనరాజుకి ఆ ఆశ కూడా పోయింది.

ఇంతలో ఈ ఏడాది కళ్యాణి వచ్చింది. ధనరాజు చెల్లెలి కూతురు. పగలు వండూర్ జెట్టీ దగ్గర టూరిస్టుల పడవల కౌంటర్లో కూచుంటుంది, సాయంత్రాలు ఇంట్లో కంప్యూటర్ ముందు. ఒక వీడియో గేమ్ తయారు చేసింది. నాటకం ఎలాగూ లేదు కదా, సమాజం వార్షికోత్సవంలో దాన్నే పెద్ద తెర మీద ఆడిద్దామని అందరూ ఒప్పుకున్నారు. అందులో తుఫానుదొర అనే విలన్ ఓడలన్నిటినీ నడిసముద్రంలో ఆపేస్తాడు. ఆడేవాళ్లు ఒక పడవవాడిని నడుపుతూ, శంఖం ఊది వాణ్ని కొట్టాలి. దొర తల మీద మూడు దీపాలుంటాయి. దెబ్బకొకటి ఆరుతుంది. మూడూ ఆరితే దొర పడిపోతాడు, ఓడలు కదులుతాయి, ఆట అయిపోతుంది.

"మావయ్యా, దొరకి నీ గొంతే కావాలి. నీ నవ్వు చాలు, బస్" అంది.

ధనరాజు మొహం చూడాల్సింది! పెళ్లిచూపుల్లో కూడా అంత సిగ్గుపడి ఉండడు. వెంటనే అడిగాడు, "ఓడలు ఎందుకు ఆపుతాడే?"

"విలన్ కదా మావయ్యా. అందుకే."

"కారణం లేందే నాను నవ్వను."

రెండు రోజులు ఇంట్లో ఇదే గొడవ. చివరికి ధనరాజే కారణం చెప్పాడు. క్రేను మీద కూచుని ముప్ఫై ఏళ్లు చూసిన సంగతే అది. "వచ్చిన ప్రెతి ఓడా సరుకు దించేసి ఎల్లిపోతాది. ఒక్కటైనా వెనక్కి తిరిగి సూడదు. ఈడికి మనసుండదేటి? అందుకే ఆపినాడు."  కళ్యాణి "అరే మావయ్యా, ఏడిపించేస్తున్నావ్ యార్" అని కళ్లు తుడుచుకుని ఆ మాటలే టైపు చేసుకుంది, ఇంగ్లీషు అక్షరాల్లో. వాటిని నేను తెలుగులో రాసిపెడితే వాడు చదవాలి. అలా నా ఉద్యోగం నాకు తిరిగొచ్చింది.

రికార్డింగు కళ్యాణి గదిలోనే. చప్పుడు రాకుండా గోడలకి బొంతలు వేలాడదీసింది. ఏప్రిల్ ఉక్క, ఫ్యాను ఆపేశాం. బొంతల మధ్య ముగ్గురం చెమటలు కక్కుతూ కూచున్నాం. ధనరాజు నవ్వితే మైకు ముల్లు ఎర్రగీత దాటిపోయేది. సరిగ్గా వచ్చిందనుకునేసరికి రేవులో ఓడ కూసేది. చావు కేక పదకొండుసార్లు తీశాం. ఆరోసారికి పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టి అంతా బాగానే ఉందా అని అడిగారు.

మధ్యలో మంచినీళ్లు తాగుతూ వాడు మెల్లిగా అన్నాడు, "అమ్మీ, ఇందులోనైనా నన్ను ఆకరిదాకా బతికించకూడదేటి?"

కళ్యాణికి నిజంగానే బాధేసింది. "మావయ్యా, దొర బతికితే ఏమవుతుందో అదంతా మళ్లీ బొమ్మలు గీయాలి. ప్రోగ్రాం సండేనే. టైం నహీ హై."

"సర్లే బంగారం. సచ్చిపోతాను, నాకేటి అలవాటే" అని నవ్వేశాడు. ఆ నవ్వు మైకులో పెట్టేది కాదు. 

పదకొండో చావు అద్భుతంగా వచ్చింది. వాడు నేల మీద ధబ్బున పడ్డాడు. ఆ ఊపులో నేను, బుద్ధి లేకుండా, ముప్ఫై ఏళ్ల అలవాటుతో జేబులోంచి బెల్లు తీసి టింగున కొట్టాను. వాడూ అదే అలవాటుతో లేచి, బొంత తప్పించుకుంటూ, పాకలో పంక్తి ముందు నిలబడే గొంతుతో అనేశాడు.

"కూకోండి, కూకోండి. తిన్నావా బావూ? పులుసు పొయ్యనా?"

 ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వాం. కళ్యాణి మంచం మీద పడి దొర్లింది. ఆ నవ్వుల్లోనే హడావిడిగా ఫైలు కత్తిరించింది. ఎక్కడ కత్తిరించిందో తనూ చూసుకోలేదు, మేమూ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. తెర మీద నీలం సముద్రం, దొర ఎర్ర కళ్లు. మొదట ఆడే గౌరవం వీరేంద్రకి ఇచ్చారు. బొజ్జ వచ్చినా హీరో హీరోయే. రిమోట్ పట్టుకుని ఒకటి, రెండు, మూడు దీపాలూ ఆర్పేశాడు. ధనరాజు కేక హాలంతా మోగింది. దొర కూలిపోయాడు. ఆ నిశ్శబ్దంలో టింగుమని బెల్లు.

"కూకోండి, కూకోండి. తిన్నావా బావూ? పులుసు పొయ్యనా?"

నవ్వులతో హాలు పగిలిపోయింది! కుర్చీలు వెనక్కి పడ్డాయి. పిల్లలు చెప్పులు గాల్లోకి విసిరారు. కళ్యాణి రెండు చేతులతో మొహం కప్పుకుంది. నేను ధనరాజు ఎలా నవ్వుతున్నాడో చూద్దామని వెనక్కి తిరిగాను. వాడి కుర్చీ ఖాళీ. బెల్లు వినపడగానే పాకలోకి వెళ్లిపోయినట్టున్నాడు.

"మళ్లీ! ఏక్ బార్ ఔర్!" అని గోల. ఈసారి రిమోట్ గవరమ్మకి ఇచ్చారు. ఆవిడకిప్పుడు డెబ్బై ఎనిమిది. ఏ మీట నొక్కాలో కళ్యాణి చూపించింది. గవరమ్మ గొడుగు పట్టుకున్నట్టే పట్టుకుంది రిమోట్‌ని. ఒక దెబ్బ. దొర తన గోడు చెప్పుకున్నాడు, వెళ్లిపోయే ఓడల సంగతి. రెండో దెబ్బ. ఒక్క దీపమే మిగిలింది. చిన్నపిల్లలకి కష్టం కాకూడదని, అక్కడ దొర అలసిపోయి మోకాళ్ల మీద కూచుని ఎదురుచూసేలా పెట్టింది కళ్యాణి. గవరమ్మ రిమోట్ ఒళ్లో పెట్టుకుంది.

"మామ్మా, ఇంకొక్కటి. కొట్టు" అంది కళ్యాణి.

"నాను కొట్టనే."

"కొడితేనే ఆట అయిపోతుంది మామ్మా!"

"కాకపోతే మానె. సచ్చినాక కూడా తిన్నావా అనడుగుతాడు ఈ గుంటడు. ఓపాలి కొట్టినాను, బతికినన్నాళ్లు ఆడి సేతి కూడు తిన్నాను. మరి సాలు."

వెనక నుంచి ఎవరో "కొట్టొద్దు!" అన్నారు. ఇంకెవరో అందుకున్నారు. చూస్తుండగానే హాలంతా ఒకటే అరుపు, కొట్టొద్దు, కొట్టొద్దు. తెర మీద తుఫానుదొర ఒక్క దీపంతో, కళ్లార్పుతూ, ఏమీ తోచకుండా కూచున్నాడు. ఆ తర్వాత జరగాల్సింది కళ్యాణి గీయనే లేదు కదా. స్టేజీ పక్కన దేముడమ్మ వెలిగించిన హారతి పళ్లెంతో నా వైపు చూసింది. మంగళం ఎత్తుకోనా, వద్దా అని.

అప్పుడు నాకు వెలిగింది. ఈ అరవై తొమ్మిదేళ్ల మోకాళ్లతో పరిగెత్తాను. పాకలో ధనరాజు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రారా! నువ్వింకా చావలేదు!"

"బెల్లు కొట్టేసినారు కదా మాస్టారూ?"

"అది వీరేంద్ర ఆట! గవరమ్మ నిన్ను చంపనంటోంది. ఆఖరి సీను నడుస్తోంది, నువ్వు అందులో ఉన్నావు!"

వాడికి ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా కదల్లేదు. రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. వీరేంద్ర ఎదురొచ్చి వాడి చేతిలో గరిటె తీసుకుని పాకలోకి వెళ్లాడు. ఎన్ని తిట్టుకున్నా వాడు నిజంగా హీరోయేనని నాకు ఆ రోజు తెలిసింది.

స్టేజీ ఎక్కి ధనరాజు ఒక మూల ఆగిపోయాడు. వెనక తెర మీద తుఫానుదొర, ముందు ఊరంతా చప్పట్లు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా వైపు తిరిగాడు.

"మాస్టారూ, ఏటి సెప్పాలి? ఎక్కడ నిలబడాలి?"

ముప్ఫై ఏళ్లలో వాడు నన్ను మాట అడగడం అదే మొదలు. నా దగ్గర రాసి లేదు. దేముడమ్మే వచ్చి, జబ్బ పట్టుకుని స్టేజీ నడిమధ్యకి తీసుకెళ్లింది.

"ఇక్కడ" అంది. "మాటాడకు. నాను పాడతాను."

పాట మొదలెట్టింది. హారతి వాడి మొహం ముందు తిరుగుతుంటే అంత మీసమూ చిన్నపిల్లాడి మూతిలా వణికింది. గవరమ్మ ఒళ్లో రిమోట్ మీద రెండు చేతులూ కప్పి కూచుంది, ఎవరూ తీసుకోకుండా. నేను బెల్లుని రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాను.