పెద్దబాపు వైపు గడియారం

పెద్దబాపు ఇక లేడని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలైంది. రెండింటికి పోయాడట. ఫోన్ ఎత్తింది నేనే. అవతలి మనిషి హిందీలో రెండు ముక్కలు చెప్పి, ఇద్దరు మాత్రమే రండి, ఎక్కువమంది వద్దు అని పెట్టేశాడు. ఆ రెండు ముక్కలు పెద్దమ్మకు తెలుగులో చెప్పాల్సిన పని నా మీద పడింది. ఎట్లా చెప్పానో గుర్తు లేదు. తర్వాత ఏం చేశానో మాత్రం గుర్తుంది. వాకిలి ఊడ్చాను. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చాను. నిండుగా ఉన్న బిందెను ఒంపి మళ్ళీ నింపాను. మెట్లెక్కాను, దిగాను. కూర్చుంటే ఏదో జరుగుతుందని భయం. జరగాల్సింది అప్పటికే జరిగిపోయింది.

నేను మొదటినుంచీ ఇంతే, ఒకచోట కుదురుగా ఉండను. “కాలుగాలిన పిల్లి” అని నాకు పేరు పెట్టింది పెద్దబాపే. రోజుకు పదిసార్లు నన్ను చూసి ఆయన అనే మాట ఒకటుండేది: “జర ఆగు బిడ్డా. ఆగి, ఇంకోసారి చూడు.” ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

ఆయన మా బాపుకు, అంటే నాన్నకు, అన్న. సూరత్‌లోని లింబాయత్‌లో మా రెండు కుటుంబాలదీ ఒకే ఇల్లు. కింద బాపూ నేనూ, పైన పెద్దబాపూ పెద్దమ్మా. బాపు బమ్రోలిలో ఒక కార్ఖానాలో పవర్‌లూమ్ నడుపుతాడు. ఆ మగ్గాల మీద నేసే చీరలకు పెద్దబాపు డిజైన్లు గీసేవాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కొత్తలో ఆయనా మగ్గమే నడిపాడు. తర్వాత గ్రాఫ్ కాగితం మీద ఒక్కో గడీ ఎర్ర పెన్సిల్‌తో నింపుతూ తీగలూ పూలూ గీయడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత కంప్యూటర్ కొన్నాడు. ఆయన డిజైన్ల సాఫ్ట్‌వేర్ పాత విండోస్ మీద తప్ప నడవదు. ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపనిచ్చేవాడు కాదు. “బయటి గాలి తగిల్తె జ్వరమొస్తది దానికి” అనేవాడు.

ఇది చదువుతున్న మీకు ఆయన తెలియదు. కానీ మీ బీరువాలో ఆయన గీసిన తీగ ఉండొచ్చు. చీర అంచు మీద ఒక చిన్న డిజైనే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒకటి ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోట పోగుకు పోగు సరిగ్గా కలవాలి, లేకపోతే తీగ తెగినట్టు కనిపిస్తుంది. అది కలిసిందో లేదో చూడటానికి ఆయన డిజైన్ వేసిన కాగితాన్ని గొట్టంలా చుట్టి, రెండు కొసలూ ఆనించి, కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసేవాడు. కంప్యూటర్ వచ్చాక కూడా ప్రింటు తీసి చుట్టడం మానలేదు. “నా తీగ తెగది” అని ఒక్క విషయంలోనే గొప్ప చెప్పుకునేవాడు. అది నిజం కూడా. బమ్రోలిలో మగ్గాలు చూసుకునే మాస్టర్లు ఆయన డిజైన్‌ను మళ్ళీ చూసుకోకుండానే మగ్గం ఎక్కించేవాళ్ళు.

లాక్‌డౌన్ పెట్టిన ఏడు నేను బీసీఏ రెండో సంవత్సరం. మగ్గాలు బంద్. మా గల్లీలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. మనవాళ్ళు దొరికిన బండెక్కి ఊళ్ళకు పోయారు, మేము ఉండిపోయాం. పాఠాలు ఫోన్లో వినొచ్చు గానీ ప్రాక్టికల్స్‌కు లినక్స్ ఉన్న కంప్యూటర్ కావాలన్నారు. ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటర్. ఒక డబ్బాలో రెండు సిస్టమ్‌లు పెట్టొచ్చనీ, స్విచ్ వేయగానే ఏది కావాలో అదే అడుగుతుందనీ నాలుగు వీడియోలు చూసి తెలుసుకుని పైకి వెళ్ళాను.

“నీది నా పక్కన కూసుంటదా, నా మీద కూసుంటదా?” అని అడిగాడు పెద్దబాపు.

“పక్కన్నే పెద్దబాపూ. నీది నీకే, నాది నాకే. నడుమ గోడ పెడ్త.”

“గోడ పెట్టంగ నా డిజైన్లు పోతే?”

“పోవు.”

“గట్ల కాదు. జర ఆగి, ఇంకోసారి చూసి చెప్పు.”

ఇంకోసారి చూశాను. నిజానికి నా వీడియోల్లో ఒకదానిలో చూపించినట్టు చేసి ఉంటే ఆయన డిస్కు మొత్తం తుడిచిపెట్టుకుపోయేది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయన మాత్రం డిజైన్లన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించాడు. ఒకటి బీరువాలో పెట్టాడు, ఇంకొకటి పెద్దమ్మ బియ్యం డబ్బాలో దాచింది. పని మొదలుపెట్టే ముందు, కొత్తగా నిలువు పోగుల పడుగు ఎక్కించినప్పుడు మగ్గానికి పెట్టినట్టే, కంప్యూటర్ డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టాడు. రెండు గంటలసేపు స్విచ్ మీద అరచేయి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరైనా పొరపాటున ఆర్పేస్తారేమోనని.

డిస్కు పంచేటప్పుడు ఒక పేచీ పెట్టాడు. ఆయన భాగానికీ నా భాగానికీ నడుమ కొంచెం ఖాళీ వదలాలన్నాడు. మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు దాన్ని మొదలంటా కోసేయరు. జానెడు వదిలి, ఆ కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతుకుతారు. ఇదీ అట్లాగే ఉండాలని ఆయన పట్టు. కంప్యూటర్లో అట్లా అతికేది ఏమీ ఉండదు, జాగా దండగ అని వాదించాను. “ఉండనీ, జానెడే గదా” అన్నాడు. వదిలాను. ఆ జానెడు ఖాళీ ఇప్పటికీ ఉంది.

స్విచ్ వేస్తే నల్ల తెర మీద రెండు వరసలు వచ్చేవి, పైన నాది, కింద ఆయనది. పది సెకన్లలో ఎవరూ ఏమీ నొక్కకపోతే పైదే తెరుచుకుంటుంది. ఆయన కింది బాణం మీట మీద వేలు పెట్టి, షేర్ ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డ మనిషిలా ముందుకు వంగి కాచుకుని ఉండేవాడు. చాయ్ గొడవలో పడి ఒక్కోసారి పది సెకన్లు దాటిపోయేవి. “బిడ్డా, మళ్ళ నీ ఇంట్లకొచ్చి వడ్డ!” అని పైనుంచి కేక వేసేవాడు.

రెండింటికీ ఒక్కచోట మాత్రం పొసగలేదు. కంప్యూటర్ లోపల ఉండేది ఒకటే గడియారం. లినక్స్ దాన్ని గ్రీనిచ్ టైముకు తిప్పి పెట్టి, మనకు చూపించేటప్పుడు ఐదున్నర గంటలు కలుపుకుంటుంది. విండోస్ లోపల ఎంతుంటే అంతే చూపిస్తుంది. అందుకని నేను క్లాసు ముగించి లేచాక ఆయన తన వైపు తెరిస్తే, గడియారం ఐదున్నర గంటలు వెనక ఉండేది. “నీ లినక్స్ నా పూటంత తింటున్నది” అని నవ్వేవాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, గోడ గడియారం వైపు ఒకసారి చూసి, చేత్తో టైము సరిచేసుకుని పని మొదలుపెట్టేవాడు. నేను వాడిన ప్రతి రోజూ అంతే.

దానికి మందు నాకు మొదటి నెలలోనే తెలుసు. నా వైపు నుంచి ఒక్క వరస కమాండ్ కొడితే చాలు, ఇక ఎప్పటికీ తిప్పే పని ఉండదు. “ఆదివారం చేస్త పెద్దబాపూ” అనేదాన్ని. ఎన్ని ఆదివారాలు పోయాయో. గోడకు ఇవతల నా వైపు మాత్రం ఫోన్ ఇంటర్నెట్ కలుపుకునేదాన్ని, అక్కడ గడియారం ఎప్పుడూ సరిగ్గానే ఉండేది, అందుకే నాకు తొందర లేకపోయింది. మిగతా ప్రతి పనికీ ఉరికేదాన్ని, ఆ ఒక్క పనికి మాత్రం ఆగాను.

మరుసటి ఏడు ఎండాకాలం. మగ్గాలు మళ్ళీ నడుస్తున్నాయి, జబ్బు కూడా మళ్ళీ వచ్చింది. వీధిలో అంబులెన్స్ చప్పుడు వినిపిస్తే ఏ ఇంటి ముందు ఆగుతుందోనని అందరం చెవులు రిక్కించేవాళ్ళం. ఒక రోజు మా ఇంటి ముందే ఆగింది. ముందు రోజు దాకా పెద్దబాపు జ్వరంతోనే కూర్చుని ఒక అంచు డిజైన్ ముగించాడు. ఆసుపత్రిలో చేరిన రెండో రోజు ఫోన్ చేశాడు. ఆయాసపడుతున్నాడు.

“ఆ డిజైన్ బాపు చేతికియ్యి బిడ్డా. రెండుంటయి. ఒకటి తీగ కలువనిది, ఇంకోటి కలిపింది. ఆఖర్ల చేసింది ఇయ్యాలె. జర తెరిచి చూసి ఇయ్యి.”

ఆయన ఫైళ్ళకు పేర్లుండవు, అంకెలుంటాయి. వాటి వరస ఆయనకే తెలుసు. నాకు పది నిమిషాల్లో పరీక్ష ఉంది. రెండింటి పక్కనా టైము చూశాను. ఒకటి పదకొండూ యాభై, ఇంకొకటి అదే రోజు పన్నెండూ పది. పన్నెండూ పదిదే కదా తర్వాతది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి బాపు చేతికిచ్చాను. తెరిచి చూడలేదు. చూస్తే అర నిమిషం పట్టేది.

మరునాడు ఆ డిజైన్ రెండు మగ్గాల మీద పొద్దంతా నడిచింది. చీకటి పడే వేళకు బాపు ఇంటికి ఒక గుడ్డముక్క తెచ్చి నా ముందు పరిచాడు. అంచు పొడవునా ప్రతి జానకూ తీగ తెగి ఉంది. కాడ ఒక దిక్కు, ఆకు ఒక దిక్కు. మాస్టర్ అప్పటికే పెద్దబాపుకు ఫోన్ చేశాడట. నేను ఆసుపత్రికి ఫోన్ కలిపాను.

“మాస్టర్‌కు చెప్పిన” అన్నాడు ఆయనే ముందుగా. “జ్వరంల జూసుకోలె, తప్పు నాదే అన్న.”

“తప్పుది ఇచ్చింది నేను గద పెద్దబాపూ!”

“నువ్వు టైము జూసి ఇచ్చినవ్, గంతే గదా? ఆ దినం నీ క్లాసు అయినంక నేను గడియారం తిప్పలె. తల తిరుగుతుండె. సాయంత్రం ఐదు దాటినంక చేసింది పదకొండూ యాభై అని వడ్డది. గందుకే కొత్తది పాతదాని ఎనక్కి పోయింది.”

ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకున్న మనిషికి తట్టింది, కంప్యూటర్ పక్కనే కూర్చున్న నాకు తట్టలేదు. నేనే మాస్టర్‌కు చెప్తానన్నాను.

“వద్దు. ఆడ నిన్నెవ్వరు ఎరుగరు. నా పేరు ఒక్క తప్పును తట్టుకుంటది. నువ్వు రెండోది ఇయ్యి.”

ఆ రోజు రెండు ఫైళ్ళూ తెరిచాను. రెండోదాన్ని ప్రింటు తీసి, గొట్టంలా చుట్టి, కొసలు ఆనించి దీపం కింద తిప్పి తిప్పి చూశాను. తీగ కలిసింది. పొద్దున బాపు దాన్ని తీసుకుపోయాడు.

ఆ మరునాడు పొద్దున పదకొండింటికి ఆయనే ఫోన్ చేశాడు.

“కలిసిందా?”

“కలిసింది పెద్దబాపూ. మాస్టర్ ఫోటో పంపిండు. మంచిగొచ్చింది.”

“ఇగ ఫికర్ లేదు.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “గడియారం?”

“ఆదివారం తప్పకుండ చేస్త.”

“ఏ ఆదివారం బిడ్డా?” అని నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. ఫోన్ పెట్టేశాడు. నేను క్లాసుకు కూర్చున్నాను. మూడు గంటల తర్వాత ఆసుపత్రి వాళ్ళ ఫోన్ వచ్చింది.

కార్ఖానా నుంచి ఒకరిని తోడు తీసుకుని ఆసుపత్రికి పోయిన బాపు, నాలుగు కావస్తుండగా శ్మశానం దగ్గర నుంచి ఫోన్ చేశాడు. అక్కడ వరస పెద్దగా ఉందట, ఆధార్ కార్డు అడుగుతున్నారట. “అన్న కంప్యూటర్ల ఉంటది, ఫోటో పంపు.” పైకి వెళ్ళి స్విచ్ వేశాను. రెండు వరసలు వచ్చాయి. కింది బాణం మీద వేలు పెట్టి ఆయన వైపు తెరిచాను. కార్డు వెతికి, తెరను ఫోన్‌తో ఫోటో తీసి పంపాను. పని అయిపోయింది. లేవబోతూ తెర మూలకు చూశాను.

గడియారం పదిన్నర చూపిస్తోంది.

పొద్దున నేను నా వైపు ప్రాక్టికల్ క్లాసు చేశాను కదా, ఐదున్నర గంటలు వెనక్కి పోయింది. ఆ గడియారం ప్రకారం పెద్దబాపు ఇంకా ఉన్నాడు. ఇంకా నాకు ఫోన్ కూడా చేయలేదు. అలవాటుగా గోడ గడియారం చూసి టైము మార్చే పెట్టె తెరిచాను. ఆ కమాండ్ ఇప్పుడు కొట్టినా ఎవరికోసం? చేత్తోనే తిప్పుదామని మౌస్ మీద చేయి వేసి, అట్లాగే ఉండిపోయాను.

పెద్దమ్మ ఎప్పుడు మెట్లెక్కి వచ్చిందో, వెనక ఆయన మంచం మీద కూర్చుని ఉంది. ఆ రోజుల్లో ఓదార్చడానికి ఇంటికి ఎవరూ వచ్చే వీల్లేదు. ఉన్నది మేమిద్దరమే.

“గది తప్పున్నది గదా” అంది తెర వైపు చూసి. “మీ పెద్దబాపు దినాం తిప్పుతుండె.”

“ఔ పెద్దమ్మా. ఇంకా రెండింటిదాక రాలేదు అది.”

ఆమెకు అర్థమైందో లేదో నాకు తెలియదు.

“తిప్పాల్నా?” అని అడిగాను.

“జర ఆగు బిడ్డా” అంది.

ఆగాను. గడియారంలో పదకొండైంది. నా చూపు దానంతట అదే ఫోన్ మీదికి పోయింది. పన్నెండైంది. కిటికీలో ఎండ దిగిపోయింది, పెద్దమ్మ లేచి దీపం వేసి మళ్ళీ వచ్చి కూర్చుంది. కింద బాపు వచ్చిన అలికిడి, వాకిట్లోనే తలమీద నుంచి పోసుకుంటున్న నీళ్ళ చప్పుడు. ఎవరం లేవలేదు. గోడ మీద ఏడున్నర కావస్తోంది. తెర మూలన ఒకటీ యాభై తొమ్మిది.