సర్దిన గది

మా టేపు మాస్టారికి ఒక జబ్బుంది. మెడలో టేపు తీయకపోవడం కాదు, దానివల్ల ఆ పేరు వచ్చింది, అంతే. ఎవరైనా వస్తున్నారంటే చాలు, పని ఆపేసి పీలికలు, దారాలు, సుద్దముక్కలు అన్నీ కనబడకుండా దాచేస్తాడు. "బల్ల చిందరవందరగా ఉంటే కుట్టు కూడా అంతే అనుకుంటారక్కా" అంటాడు. పక్కవాటాలో ఉంటూ అతను కుట్టిన చొక్కాలకు కాజాలు కుట్టేదాన్ని నేను. పదకొండేళ్లుగా ఆ జబ్బు చూసి నవ్వుకుంటూనే ఉన్నాను.

మాస్టారి భార్యకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ముందునుంచీ పొసగని ఇద్దరూ విడాకులదాకా వెళ్లారు. ఏడేళ్ల కూతురు ఏడాదిగా ఇతని దగ్గరే ఉంది. తల్లి చెడ్డదని నేననను. పిల్ల కావాలని ఆమె కూడా కోర్టులో కళ్లనీళ్లు పెట్టుకుంది. జడ్జిగారు పిల్లను తన గదిలోకి పిలిచి అడిగితే "ఇద్దరూ కావాలి" అందట ఆ పిచ్చితల్లి. పిల్ల మేలు ఎక్కడుంటే అక్కడే ఉంచుతామని చెప్పి, రెండు ఇళ్లూ చూసిరమ్మని ఒక అధికారిణిని పంపారు.

ఆవిడ వచ్చేరోజు పిల్ల బడికి వెళ్లగానే మాస్టారు నడుం బిగించాడు. నిజానికి ఆ ఇల్లంతా పిల్లదే. కత్తిరింపు బల్ల కింద పరుపు, అక్కడే చదువు, అక్కడే నిద్ర. మిషను సొరుగులో పీలికబొమ్మల సంసారం. గోడనిండా సుద్దతో గీసిన ఏనుగులు. అన్నీ మూటగట్టి మా అటక ఎక్కించాడు. గోడ మీది ఏనుగుల్ని తడిగుడ్డతో తుడిచింది నేనే. నా చేతులు పడిపోను!

"పాప ఎక్కడ పడుకుంటుంది?" అని అడిగింది అధికారిణి.

"ఇక్కడేనండీ, ఈ బల్ల కింద." అక్కడ నేల అద్దంలా మెరుస్తోంది.

"బొమ్మలూ పుస్తకాలూ?"

"పక్కింట్లో పెట్టానండీ... మీరొస్తున్నారని."

నేను పరుగున వెళ్లి మూట తెచ్చి ముందు పోశాను. చేతులు కాలాక ఆకులు! పక్కింటినుంచి తెచ్చిన బొమ్మల్ని చూపిస్తే ఎవరు నమ్ముతారు? ఆవిడ రాసుకుని వెళ్లిపోయింది.

పిల్లను తల్లికిచ్చారు. అక్కడ బడి దగ్గర, అమ్మమ్మ తోడు, ఇలా చాలా కారణాలు రాశారు. మాస్టారికి మాత్రం అధికారిణి రాసిన ఒక్క వాక్యమే గుచ్చుకుంది: తండ్రి ఇంట్లో పిల్ల ఉంటున్న జాడలేమీ కనిపించలేదు. పైకోర్టుకు వెళదామన్నాడు లాయరు. "ఆవిడ అబద్ధం రాయలేదు కదండీ" అన్నాడు మాస్టారు. నాకు ఒళ్లు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. పిల్లతోపాటు ఆ మూట కూడా వెళ్లిపోయింది.

పదిహేను రోజులకో ఆదివారం తండ్రి దగ్గర గడపాలని తీర్పు. మొదటి ఆదివారం పిల్ల వచ్చింది. గుమ్మంలోనే ఆగి గదంతా చూసింది.

"నాన్నా, నేనెక్కడ కూర్చోను?"

 కొలతలివ్వడానికి వచ్చేవాళ్లకు వేసే కుర్చీ తెచ్చి, తుడిచి వేశాడు మాస్టారు.