కెజియమ్మ గుప్పెడు

పలాసలో జీడిపిక్కలు కొట్టి కొట్టి కెజియమ్మ వేళ్లు నల్లగా కమిలిపోయాయి. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు, దేవుడి వాటాగా ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేస్తుంది. భర్త కిడ్నీజబ్బుతో మంచాన పడి, తను పని మానుకున్న ఈ నెలలోనూ ఆ గుప్పెడు ఆగలేదు. ఆదివారం గుడిలో ఆమె తెచ్చిన బియ్యాన్ని పాస్టరు జెకర్యా తిరిగి ఆమె కొంగులోనే పోయబోయాడు.

“ఇంటికి పట్టుకుపో అమ్మా. దేవుడికేటి తక్కువ?”

కెజియమ్మ కొంగు వెనక్కి లాక్కుంది.

“తక్కువుంతే నా గుప్పెడు ఏ మూలకి అయ్యగారూ? ఏటీ అక్కర్లేనోడు కాబట్టే కొలత సూడకుండా పుచ్చుకుంతన్నాడు. ఆయనిచ్చిన ఊపిరికి దండం ఎట్టుకోడం కూడా మానీమంతారేటి?”

ముప్పయ్యేళ్లుగా ఆ సంగతే ప్రసంగిస్తున్న జెకర్యా, ఇప్పుడే మొదటిసారి విన్నవాడిలా, దోసిట్లో బియ్యంతో నిలబడిపోయాడు. ఆ బియ్యాన్ని కానుకల పళ్లెంలో పోసి, పక్కకి జరిగాడు.

“ఈయేల ప్రార్థన నువ్వే సెయ్యమ్మా.”