ఏడవని పిల్లలకు పది మార్కులు

ఒకే ఒక్క మనిషి, చేతిలో చిన్న బొగ్గుముక్క తప్ప వేరే ఆయుధం లేకుండా, ఒక తోట నిండా ఉన్న పిల్లల మోకాళ్లన్నీ చెక్కుకుపోయేట్టు చేయగలడా? చేయగలడు. నేను చేశాను. పైగా అదంతా వాళ్ల మంచి కోసమే చేశాను. ఘోరాలన్నీ అలాగే మొదలవుతాయి కదా.

నేను చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం నూలు గోదాముల్లో, కాటా పక్కన నిలబడి సొంతంగా నేర్చుకున్నాను. అప్పటినుంచి కంటికి కనిపించిన దానికల్లా ఒక అంకె తగిలించకపోతే నాకు నిద్ర పట్టదు. పెళ్లిచూపుల్లో పళ్లెంలో జాంగ్రీలు ఎన్ని ఉన్నాయో చూసుకున్నాకే తన ముఖం చూశానని మా ఆవిడ రాజేశ్వరి ఇప్పటికీ అంటుంది. నేను ఖండించను.

కొన్నేళ్ల కిందటి మాట. అవినాశి దగ్గర మా బావమరిది కొబ్బరితోటలో బంధువుల పిల్లలకి వేసవి క్యాంపు పెట్టాను. షరతు ఒక్కటే, ఫోన్ ఉండకూడదు. ఫోన్లన్నీ బియ్యం డ్రమ్ములో పడుకున్నాయి. చేపలబుట్ట చుట్టూ పిల్లుల్లా పిల్లలు మొదట్లో ఆ డ్రమ్ము చుట్టూ తిరిగారు. బొంగరాలిచ్చాను. నేల మీద గళ్లు గీసి ఒంటికాలితో గెంతే నొండి ఆట నేర్పాను.

గాంధీపురం నుంచి మా చెల్లెలు జయ తన కూతురు ధన్యని తెచ్చి దింపింది. దానికి ఎనిమిదేళ్లు. తమిళం కలిసిన మా తెలుగులో 'దా' తగిలించనిదే ఏ మాటా నొక్కి చెప్పినట్టుండదు.

"అన్నా, దీన్ని చీమ కుట్టినా ఏడ్చి ఫోన్ అడుగుతుంది. నేనూ ఇచ్చేస్తాను. తప్పు నాదే దా. ఒక్కసారి ఇది కింద పడి, తనంతట తాను లేచి ఆడేది నేను చూడాలన్నా. అంతే."

"నాకు వదిలేయి జయా. ఆదివారం వచ్చి చూడు."

ఇలాంటి పనిని మట్టికీ ఎండకీ వదిలేస్తే అవే చూసుకుంటాయి. నేను గణితానికి అప్పగించాను. తోటలో కాయలు దాచే గోదాము గోడ మీద బొగ్గుతో పెద్ద అక్షరాల్లో రాశాను: పడి ఏడవకుండా లేచినవాళ్లకి పది మార్కులు. ఏడిస్తే ఉన్నవి కూడా పోతాయి. దాని కింద అందరి పేర్లు.

మధ్యాహ్నానికల్లా మా బావమరిది కొడుకు కవిన్ వచ్చాడు. వాడు లాయరు కావలసినవాడు, వయసు చాలక ఆగాడు.

"మామా, పడినాను. ఏడవలేదు. రాయి."

"ఎక్కడ పడ్డావురా?"

"ఈడ దా."

"ఆడుతూనా?"

"లేదు. సుమ్మా, ఊరికే నిలబడి ఉంటిని. పడినాను."

"నిలబడినవాడివి ఏంటికి పడ్డావు?"

"మార్కులకి దా!"

అంత నిజాయితీని ఎలా శిక్షించాలి? నేను రాస్తుండగానే వెనక కొబ్బరికాయలు రాలుతున్నట్టు దబదబా చప్పుళ్లు. తిరిగి చూస్తే ఒక్కరూ ఆడటం లేదు. అందరూ పడుతున్నారు. ఆడి పడటం కంటే ఊరికే పడటమే లాభసాటి అని వాళ్లూ లెక్క వేసుకున్నారు.

బుర్ర ఉన్నవాడైతే అప్పుడే గోడ తుడిచేసేవాడు. నాకేమో సూత్రంలో చిన్న లోపం కనిపించింది. నేల మీద కూలబడినవాడికీ, ఎత్తు మీంచి పడినవాడికీ ఒకే మార్కా? అన్యాయం కాదూ? కాబట్టి ఇంకో వాక్యం చేర్చాను: ఎత్తును బట్టి మార్కులు.

పాఠకులారా, ఆ వాక్యం ఇంకోసారి చదవండి. నేను చదవలేదు.

మర్నాటినుంచి పిల్లలు కొబ్బరికాయల రాశి మీంచి, ఎడ్లబండి మీంచి, పశువుల తొట్టి గోడ మీంచి పడసాగారు. రాజేశ్వరి పసుపు గిన్నెతో వాళ్ల వెనక పరిగెత్తింది.

"ఏమండి, ఇది పిల్లల క్యాంపా, పిల్లలు రాలే తోటా?"

"తట్టుకునే గుణం పెరుగుతోంది రాజీ. ఒక్కరైనా ఫోన్ అడిగారా?"

"అడగరు. పట్టుకునే దానికి చేతులు బాగుండాలి కదా!"

ధన్య ఒక్కతే మెట్టు మీద మోకాళ్లు దగ్గరకు పెట్టుకుని కూర్చునేది. దాని పేరు పక్కన సున్నా. ఆదివారం పొద్దున మాత్రం లేచి, తొట్టి గోడ ఎక్కి, కళ్లు మూసుకుని పడిపోయింది. నేను అటు పరిగెత్తాను. అది లేచింది. పెదవులు వణుకుతున్నా ఏడవలేదు.

"సెబాష్ కణ్ణు, బంగారుతల్లీ!" అని అరిచి, గోడ మీద అందరికంటే పెద్ద అంకె వేశాను. జయ వచ్చేలోపే గెలిచానని మీసం కూడా దువ్వుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రాజేశ్వరి ఆగిపోయింది.

"ఏమే ధన్యా, ఎడమచేత్తో తింటావు ఏంటికి?"

"సుమ్మా అత్తా."

ఒళ్లో దాచుకున్న కుడిచేతిని రాజేశ్వరి మెల్లగా పైకెత్తింది. మణికట్టు వంకాయలా ఉబ్బి ఉంది.

"అయ్యో! ఇంత నొప్పి ఎట్ల ఓర్చుకుంటివే?"

"ఏడిస్తే మార్కులు పోతాయి అత్తా. అమ్మ వచ్చేటప్పుడు నా పేరు పైన దా ఉండాలి."

దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. "ఏడువు కణ్ణు. పరవాలేదు, ఏడువు." అది గోడ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నాకు వచ్చిన భాష ఒక్కటే. ఆ భాషలోనే అరిచాను: "ఏడిస్తే నూరు మార్కులు!"

కవిన్ పళ్లెం పక్కన పెట్టి, వెల్లకిలా పడుకుని, "అమ్మా!" అని మొదలెట్టాడు. ఆ వెంటనే తోట మొత్తం అందుకుంది. కన్నీళ్లు రానివాళ్లు పక్కవాళ్ల చేత గిల్లించుకున్నారు. ఒకడు ఏడుపు మధ్యలో ఆపి, "గట్టిగా ఏడిస్తే ఎక్కువా మామా?" అని వివరం కనుక్కుని మళ్లీ మొదలెట్టాడు.

సరిగ్గా అప్పుడే, పిల్లల్ని చూడటానికొచ్చిన తల్లుల వ్యాను గేటులోకి తిరిగింది.

మోకాళ్లకి పసుపు, నుదుటికి ప్లాస్టర్లు, నోరారా ఏడుపు, మధ్యలో నేను. జయ పరిగెత్తుకొచ్చింది.

"అన్నా! ఏమన్నా ఇది? ఎవరికి ఏమైంది?"

అక్కడ ఏడవని పిల్ల ఒక్కతే. అదే జవాబు చెప్పింది.

"వాళ్లకి ఏమీ లేదమ్మా. మార్కులకి ఏడుస్తారు. నాకు దా నిజంగా నొప్పి."

అని తల్లి నడుములో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఈసారి గోడ వైపు చూడలేదు.

డాక్టరు ఎముక విరగలేదని, బెణికిందని చెప్పి కట్టు కట్టాడు. తిరిగొచ్చాక తల్లులందరి ఎదుట నా తువ్వాలుతోనే గోడ తుడిచాను. జయ నా ముఖం చూడలేదు.

"బ్యాగు సర్దు ధన్యా. పోదాము."

"నేను రాను."

"చెయ్యి ఇట్ల పెట్టుకొని ఏం ఆడతావే?"

"నొండికి కాళ్లు దా కావాలి!"

ఆపేలోపే వెళ్లి గెంతింది. మూడో గడిలో తూలి చతికిలబడింది. బావురుమంది. నేనూ జయా ఒకేసారి ముందుకు దూకాం. రాజేశ్వరి మా ఇద్దరి చేతులూ పట్టి వెనక్కి లాగింది. ధన్య కాసేపు ఏడ్చింది. ఎవరూ రాకపోయేసరికి ముక్కు తుడుచుకుని లేచింది.

"ఔట్!" అన్నాడు కవిన్.

"పోరా! గీత తొక్కనే లేదు. మళ్లీ నా వంతు దా!"

జయ మెట్టు మీద కూర్చుంది. ఆ గొడవ తెగేదాకా చూస్తూనే ఉంది. తర్వాత బ్యాగు పక్కకి నెట్టి, "అన్నా, కాఫీ ఉందా?" అంది. నన్ను క్షమించిందని అర్థమైంది.

ఆ సాయంత్రం తూర్పు తిరిగి, కుడిచెయ్యి ఎత్తి, రాజేశ్వరి సాక్షిగా ప్రమాణం చేశాను. నూలు మూటలు లెక్కపెడతాను, కాయలు లెక్కపెడతాను, వద్దన్నా జాంగ్రీలూ లెక్కపెడతాను. పిల్లలు పడినా, లేచినా, ఏడ్చినా, ఈ జన్మలో దానికి అంకె వేయను.

"నిజంగానా?" అంది రాజేశ్వరి.

"నూటికి నూరు పాళ్లు!" అన్నాను.