మూడొందల మందికి మేనేజర్ని

తమ గొయ్యి తామే తవ్వుకున్నవాళ్లు మీకు చాలామంది తెలిసే ఉంటారు. ఆ గోతిలోకి దిగి, పైన మన్ను కూడా తానే కప్పుకున్న ఘనుణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నారు.

కువైట్‌లో నా పాత కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వేరేచోట పని చేసుకోమని రిలీజ్ ఇచ్చాక, సబా అల్ సలేంలో ఒక ముసలమ్మ నన్ను ఇంటి డ్రైవరుగా పెట్టుకుంటానంది. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నాకోసం గదికి రంగు వేయించి, కొత్త పరుపు కొంది. "ఆదివారం వచ్చేస్తా మామా" అని మాటిచ్చాను.

శుక్రవారం నా రూమ్మేట్ మస్తాన్ చెవిలో జోరీగయ్యాడు.

"ఏం ఖాదరూ, బతుకంతా మామా సంచులు మోసుకుంటా ఉంటావా? వఫ్రాలో ఒకాయనకు మేనేజరు కావల్లంట బ్బా!"

"నా కింద ఎంతమంది ఉంటారంట?"

"మూడొందలకు పైనే!"

నా తల పూరీలా పొంగింది. వెంటనే మామాకు ఫోన్ చేశాను. ఆమె అరబ్బీని నా రాయచోటి భాషలో చెబుతున్నాను, మన్నించండి.

"నేను రాను మామా. మేనేజరు పని దొరికినాది."

"మాటిచ్చినావు గదా నాయనా?"

"డ్రైవరు ఇచ్చిన మాట మేనేజరుకు ఎట్ల చెల్లుతాది మామా?"

ఆమె "అల్లా నిన్ను చల్లగా చూడనీ" అని పెట్టేసింది. ఎంత బాగా జవాబు చెప్పానో అని మస్తాన్‌కు టీ ఇప్పించాను. ఆ టీ తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదు.

కొత్త కఫీల్ నా ఇఖామా, అదే అక్కడ ఉండే పర్మిట్, తన పేరుకు మార్పించుకుని, పికప్‌లో వఫ్రా తీసుకెళ్లాడు. ఇస్త్రీ చొక్కాతో ఇసుకలో దిగాను. రేకుల షెడ్డు, నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ లేవు.

"స్టాఫ్ యాడుండారు సార్?"

ఆయన ఈల వేశాడు. షెడ్డులోంచి మూడొందల గొర్రెలు నా మీదికి ఉరికాయి.

"వీళ్లే. యల్లా, మేత వెయ్యి!"

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు నీళ్లలోనైనా పడతాడు. నేను పెంటలో పడ్డాను.

నెల తిరక్కుండానే ట్యాంకు ఎక్కి, సిగ్నల్ వెతుక్కుని, మామాకు ఫోన్ చేసి ఏడ్చాను. ఆ తల్లి తిట్టలేదు. "నీ గదిలోకి వేరే మనిషి వచ్చినాడు. మా చెల్లెలికి డ్రైవరు కావల్ల. రిలీజ్ అడుగు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

కఫీల్ గడ్డం పట్టుకుని బతిమాలాను. ఆయన ముచ్చటపడిపోయాడు.

"నీకంటే ముందు ఏడుగురు చెప్పకుండా పారిపోయినారు. పోతానని ముందే చెప్పినోడివి నువ్వొక్కడివే! ఇంత నిజాయితీ ఉన్నోణ్ణి ఎట్ల వదులుకుంటా? రిలీజ్ లేదు, ఖలాస్!"

ఆ సాయంత్రం మూడొందల గొర్రెల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఒప్పుకున్న పనిని ఇంకోదాని కోసం ఈ జన్మలో వదలను. అక్కడున్న రెండేళ్లూ ఆ ఒట్టు తప్పలేదు. తప్పుదామన్నా, ఇంకో పని ఇచ్చేవాడు ఆ ఇసుకలోకి వస్తే కదా!