జింజ్ తోటలో తుంగ

2006 జనవరి. బహ్రెయిన్‌లో, జింజ్‌లోని ఒక విల్లా తోటకు నేను సూపర్‌వైజర్‌ని. చాలా ఏళ్లు చలిదేశంలో ఉండి వచ్చిన యజమానురాలు అక్కడి తోట నుంచి సెడ్జ్ మొక్కలు తెచ్చుకుంది. ఆకుల అందం కోసం పెంచే, గడ్డిలాంటి దుబ్బులవి. అక్కడ మంచులో నిద్రపోయి వసంతంలో చిగురిస్తాయి. ఇక్కడ తలకిందులు: చలికాలంలోనే పెరుగుదల, ఎండాకాలం గండం. అందుకే షేడ్ నెట్ కింద నాటించాను.

ఒక ఉదయం మల్లయ్యకు "ఆ మడిలో కలుపు తీసెయ్" అని చెప్పి హిద్‌లో ఉన్న ఇంకో సైటుకు వెళ్లాను. తోటపనికి కొత్తగా చేరిన మల్లయ్య ఊళ్లో, జగిత్యాల వైపు, వరి రైతు. గంటలో తిరిగొచ్చేసరికి మడి నున్నగా ఉంది. పద్దెనిమిది దుబ్బులూ గోడ నీడన కుప్పగా ఉన్నాయి.

"ఖలాస్! ఇతన్ని దేశానికి పంపమని మీ కఫీల్‌కు ఫోన్ చేస్తాను" అంది మేడం. కఫీల్ అంటే మా వీసాలు చేతిలో ఉన్న యజమాని.

డ్రైవర్ సలీం ఊరుకున్నాడా? "క్యా మల్లన్నా, మేడం పానం పీకి కలుపన్నవా? ఇగ టికెట్ తీస్తరు నీకు!"

మల్లయ్య ముఖం పాలిపోయింది. "గది తుంగ కాదా సార్? వరిని మింగుతది. నా నొసటి గీతల గిట్ల రాసున్నది."

గీత మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. "గీతా లేదు, గాడిదగుడ్డూ లేదు. మొక్క చూపించకుండా పని చెప్పింది నేను." మేడంకూ అదే చెప్పాను. పైగా అతను పొరబడలేదు. సెడ్జ్ మన తుంగ కుటుంబమే.

కుప్ప కదిపి చూశాను. ప్రతి దుబ్బూ మట్టిముద్దతో సహా ఉంది.

"వేళ్లు తెగలేదేం?"

"తుంగను గడ్డతోని తియ్యాలె సార్. ముక్క మిగిలితె మల్ల మొలుస్తది."

అతని నేర్పే అతన్ని కాపాడాలి. తిరిగి నాటుతాం, గడువివ్వమని మేడంను అడిగాను. "నెల చూస్తాను. బతక్కపోతే ఫోన్ చేస్తాను" అంది మేడం. అప్పటికప్పుడు ఆకుల్ని సగానికి కత్తిరించి, దుబ్బులన్నీ తిరిగి నాటాం. మల్లయ్య రోజూ డ్యూటీ ఎక్కకముందే వచ్చి వాటి మొదళ్లు తడిమి చూసేవాడు. రెండు పోయాయి. పదహారు చిగురించాయి. మేడం ఫోన్ చేయలేదు.

ఏ మొక్కా కలుపుగా పుట్టదు. మన అవసరాన్ని బట్టి ఆ ముద్ర మనమే వేస్తాం, వేసిన సంగతి మరిచి అది దాని పుట్టుక అంటాం. ఆనాటి నుంచి మొక్కను చేతిలో పట్టి చూపించనిదే ఎవరికీ పని చెప్పలేదు.

మార్చిలో ఒకరోజు మేడం మడి దగ్గర వంగి, కొత్తగా మొలిచిన ఒక గడ్డిపోచను వేలితో చూపించింది.

"మల్లయ్యా," హిందీలో అడిగింది, "ఇది ఉండాలా, పోవాలా?"